మూల్యాంకనంలో న్యాయం – తరగతి గదిలో పరిశీలన

విద్యార్థి జీవితంలో మార్కు అనేది చిన్న అంకె. కాని దాని పర్యవసానాలు పెద్దవి. దాన్ని చూసి తల్లిదండ్రులు పిల్లవానిని పై చదువుకు పంపడమా, పనిలో పెట్టడమా అని ఆలోచిస్తారు. దాన్ని చూసి కళాశాల ప్రవేశమిస్తుంది, లేదా నిరాకరిస్తుంది. వీటన్నిటికంటె ముఖ్యంగా, దాన్ని చూసి విద్యార్థి తనను గురించి తాను ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటాడు. ఇంతటి బరువును మోసే అంకెను వేసేటప్పుడు ఉపాధ్యాయుడు న్యాయాధిపతి స్థానంలో కూర్చుంటున్నాడు. ఐతే ఇద్దరికీ ఒక భేదం ఉంది. న్యాయాధిపతి తన ముందుకు వచ్చిన సాక్ష్యాన్ని విచారిస్తాడు. ఉపాధ్యాయుడు ఆ సాక్ష్యాన్ని కూడా తానే సేకరించుకోవాలి. ఆ సేకరణ ఏడాది పొడవునా తరగతి గదిలోనే జరుగుతుంది. కనుక తరగతిలో ఉపాధ్యాయుని దృష్టికి రాని విద్యార్థికి ఏడాది చివర న్యాయమైన మార్కు రాదు. ఈ వ్యాసంలో నిరూపించదలచిన విషయం ఇదే.

ముందుగా మూడు మాటల అర్థాలను స్పష్టం చేసుకోవాలి. ఎంత వచ్చిందో కొలవడం మాపనం. ఆ కొలతను బట్టి విద్యార్థి ఎక్కడున్నాడో, ఇంకా ఏమి నేర్వవలసి ఉందో నిర్ణయించడం మూల్యాంకనం. నేర్చుకొనే సమయంలోనే అతని పనిని, మాటను, తడబాటును గమనిస్తూ ఉండడం పరిశీలన. తప్పు చేసినవానిని పట్టుకోవడం కోసం చేసేది నిఘా. పరిశీలనకూ నిఘాకూ కావలసినది చూపే ఐనా, ఆ రెండు చూపుల ఉద్దేశాలు వేరు.

వీధి బడులలో

తరగతిని గమనించడం, యోగ్యతను గుర్తు రూపంలో చూపడం మన ప్రాంతాలకు కొత్త కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా ఉన్న బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. తెలుగు, కన్నడ బడులున్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చూపాడు. పిల్లలను వారి చదువు స్థాయిని బట్టి తరగతులుగా విభజించేవారు. చిన్న తరగతులను పెద్ద విద్యార్థులు కనిపెట్టి ఉండేవారు. పై తరగతులను గురువు స్వయంగా చూచుకొనేవాడు. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పే ఈ విధానం మెచ్చదగినదనీ, ఇంగ్లండు దీనిని అనుకరించడం సముచితమేననీ కాంప్‌బెల్ వ్రాశాడు. ఆంతకు పూర్వమే ఆండ్రూ బెల్ మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలలో ఇట్టి పద్ధతిని నడిపి, 1797లో లండనులో దానిపై నివేదిక ప్రచురించాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా పేరొందింది. ఈనాడు ప్రతి తరగతిలోనూ కనిపించే ‘మానిటర్’ ఆ వంశానికి చెందినవాడే.

ఆ నివేదికలోనే మరొక విశేషం ఉంది. ఉదయం బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవ సూచకంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవాని చేతిలో సున్న చుట్టేవారు. అంటే అతడు మెప్పుకూ నిందకూ కూడా పాత్రుడు కాడని భావం. మూడవవానికి ఒక మెల్లని దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి ఎక్కువ. ఇది కూడా ఒక మూల్యాంకనమే. ఇందులో నియమం అందరికీ ముందే తెలుసు. గుర్తు అందరికీ కనబడుతుంది. ఐనా ఇది న్యాయమేనా? బడి పక్క ఇంటివానికి సరస్వతి, ఊరి చివరి గుడిసె నుండి నడిచి వచ్చినవానికి దెబ్బలు. కొలిచినది ఇంటి దూరం. ఇచ్చినది విద్యా గౌరవం. ఒకదాన్ని కొలిచి మరొకదానికి గుర్తు వేయడం అన్నది మూల్యాంకనంలో మొదటి అన్యాయం. వాచకం నలిగిందనీ, చేతివ్రాత బాగులేదనీ, ఎదురు మాట్లాడాడనీ గణితంలో మార్కు తగ్గించే ఉపాధ్యాయుడు ఈనాటికీ ఆ అరచేతి లెక్కనే నడుపుతున్నాడు.

సంఘాలు, చట్టాలు, ఇరవై మార్కులు

స్వాతంత్ర్యానంతరం మన విద్యా సంఘాలు ఈ సమస్యను పదేపదే చర్చించాయి. 1952–53 నాటి మాధ్యమిక విద్యా సంఘం బహిరంగ పరీక్షల సంఖ్య తగ్గించాలనీ, అంకెలకు బదులు శ్రేణి గుర్తులు వాడాలనీ, ప్రతి విద్యార్థికీ పాఠశాలలో ప్రగతి పత్రం నిర్వహించి తుది నిర్ణయంలో దానికి స్థానమివ్వాలనీ సిఫారసు చేసింది. 1986 జాతీయ విద్యా విధానం కూడా మార్కుల స్థానంలో గ్రేడ్లను కోరింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ విభాగం పిల్లవాని అవగాహనను, ఆ జ్ఞానాన్ని ఉపయోగించే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని శాసించింది. విద్యార్థిని భయాందోళనల నుండి విముక్తుని చేయాలని కూడా ఆ విభాగమే చెప్పింది. 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది.

ఈ ఆశయాలు ఉన్నత పాఠశాలలో ఒక స్పష్టమైన రూపం ధరించాయి. నిర్మాణాత్మక మూల్యాంకనానికి 20 మార్కులు. అవి నాలుగు భాగాలు: తరగతిలో విద్యార్థి భాగస్వామ్యం, ప్రతిస్పందనలకు 5, వ్రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5, లఘు పరీక్షకు 5. పదవ తరగతిలో వ్రాత పరీక్షకు 80, ఈ అంతర్గత మూల్యాంకనానికి 20. విద్యార్థిని ఏడాదంతా ఎరిగిన ఉపాధ్యాయుని మాటకు విలువ ఇవ్వడం దీని ఉద్దేశం. మూడు గంటల పరీక్షలో జ్వరంతో కూర్చున్న పిల్లవానికి ఈ 20 మార్కులు ఆసరా.

కాని ఆ విశ్వాసం నిలువలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవ తరగతిలో అంతర్గత మార్కులను 2019లో తొలగించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తొలగింపు ఆదేశమిచ్చి, ఆ విద్యాసంవత్సరానికి మాత్రం వాటిని కొనసాగిస్తూ వెంటనే సవరించింది. అంతర్గత మార్కులు అడిగినవారికి అడిగినంత వేస్తున్నారన్న విమర్శ ఎంతో కాలంగా వినబడుతున్నదే. తరగతిలోని అందరికీ ఇరవైకి ఇరవై వేయడం ఔదార్యంగా కనిపిస్తుంది. నిజానికి అది శ్రమించినవాని శ్రమను సున్న చేయడమే. పైగా, ఉపాధ్యాయుని మాటకు విలువ లేదని లోకం చేత అనిపించడం. న్యాయంగా వేసే అధికారాన్ని మనం సక్రమంగా వాడకపోతే, అది మన చేతిలో ఉండదు. అప్పుడు నష్టపోయేది ఆ ఆసరా అవసరమైన పిల్లవాడే.

ఒకే పత్రం, వేర్వేరు మార్కులు

వ్రాత పరీక్ష ఐతే న్యాయం దానంతట అదే జరుగుతుందని కొందరి నమ్మకం. పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచడం లేదు. ఆర్థికవేత్త ఎడ్జ్‌వర్త్ 1888లోనే పరీక్షా ఫలితాలలో యాదృచ్ఛిక దోషం ఎంత ఉంటుందో గణితరీత్యా చర్చించాడు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ఇంగ్లీషు జవాబు పత్రాలను ఎన్నో పాఠశాలలకు పంపి 142 మంది ఉపాధ్యాయుల చేత దిద్దించారు. నూటికి వేసిన మార్కులు ఒక పత్రానికి 64 నుండి 98 వరకు, మరొకదానికి 50 నుండి 97 వరకు వచ్చాయి. పత్రం మారలేదు, చేయి మారింది. ఒకరు అక్షర దోషాలు లెక్కించారు, ఒకరు శుభ్రతను చూశారు, మరొకరు భావాన్ని చూశారు. భాష కనుక ఇట్లా జరిగిందని విమర్శ రాగా, మరుసటి ఏడు రేఖాగణిత పత్రంతో పరీక్షించారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది.

మరొక దోషం మనస్సుకు సంబంధించినది. ఒక వ్యక్తిలో ఒక మంచి గుణం చూస్తే తక్కిన గుణాలు కూడా ఉన్నట్లు మనస్సు భ్రమపడుతుందని థార్న్‌డైక్ 1920లో నిరూపించాడు. చక్కగా నమస్కరించే పిల్లవాని వ్యాసం మనకు చక్కగానే తోస్తుంది. నిరుడు తప్పినవాని జవాబులో తప్పు ముందే కనబడుతుంది.

మన దేశంలో జరిగిన ఒక పరిశోధన ఈ సందర్భంలో తప్పక చెప్పుకోవాలి. రీమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు పిల్లల జవాబు పత్రాలపై కులం, వయస్సు, ఆడ–మగ అనే వివరాలను యాదృచ్ఛికంగా మార్చి అతికించి ఉపాధ్యాయుల చేత దిద్దించారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తక్కువ కులమని వ్రాసి ఉన్న పత్రాలకు సగటున కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. ఆడ–మగ విషయంలో మొత్తం మీద తేడా కనబడలేదు. ఆశ్చర్యకరమైన అంశాలు మరి రెండున్నాయి. ఆ తేడా చూపినవారు ముఖ్యంగా ఆ కులాలకే చెందిన ఉపాధ్యాయులు. దిద్దడం మొదలుపెట్టినప్పటి పత్రాలలో తేడా ఎక్కువ. పోను పోను తగ్గింది. అంటే పక్షపాతానికి ద్వేషమే కారణం కానక్కరలేదు. కొలబద్ద చేతికి స్థిరపడకముందు మనస్సు పేరును, ఊరును, కులాన్ని ఆసరా చేసుకుంటుంది. మనవారి విషయంలో మనం పక్షపాతం చూపమన్న ధీమా కూడా నిలువదు.

కడపంక్తిలో కూర్చున్నవాడు

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని సామెత. తరగతి గదిలో మాత్రం ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనా కడపంక్తి కడపంక్తే. ఆడమ్స్, బిడిల్ 1970లో ప్రకటించిన పరిశీలనలో తరగతిలోని ప్రశ్నోత్తరాలు అధిక భాగం ముందు వరుసకూ, మధ్య వరుసకూ పరిమితమవుతున్నట్లు తేలింది. మేరీ బడ్ రోవ్ 1970 దశాబ్దంలో చేసిన పరిశోధనలలో ప్రశ్న వేసిన ఉపాధ్యాయుడు జవాబు కోసం సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నాడని కనుగొన్నది. తెలివైనవారని తలచిన పిల్లల కోసం ఎక్కువ సేపు, మందమతులని తలచినవారి కోసం తక్కువ సేపు ఆగుతున్నారు. మూడు సెకనులు ఆగితే జవాబులు దీర్ఘమయ్యాయి; మౌనంగా ఉండేవారు కూడా నోరు విప్పారు.

ఇప్పుడు భాగస్వామ్యానికి కేటాయించిన ఆ 5 మార్కులను తలచుకోండి. ముందు వరుసవానికి ఏడాదిలో వంద అవకాశాలు. వెనుక వరుసవానికి నాలుగు. చివర ‘పాల్గొనలేదు’ అని రెండు మార్కులు. పాల్గొననిచ్చామా అని ప్రశ్నించుకోవలసింది ఎవరు? ఆడపిల్ల మౌనంగా ఉంటే అణకువ అని మెచ్చుకుంటాం. మెచ్చుకుని ప్రశ్న అడగడం మానివేస్తాం. ఆ మెప్పు మార్కుల పట్టికలో కోతగా పరిణమిస్తుంది.

తరగతి క్రమశిక్షణకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. జేకబ్ కూనిన్ 1970లో ప్రకటించిన గ్రంథంలో అల్లరి జరిగాక ఉపాధ్యాయుడు ఎట్లా మందలించాడన్నదాన్ని బట్టి తరగతులలో పెద్ద భేదం కనబడలేదని తేల్చాడు. గదిలో ఎక్కడ ఏమి జరుగుతున్నదో తనకు తెలుసునని పిల్లలకు తోచేట్లు మెలగడం, పాఠాన్ని ఆటంకం లేకుండా నడపడం, అందరికీ చేతినిండా పని ఉంచడం – భేదం తెచ్చినవి ఇవి. అంటే అల్లరి పుట్టకముందు ఉన్న చూపే ఫలించింది.

ఇటీవల కొన్నిచోట్ల తరగతి గదులలో కెమెరాలు అమర్చారు. ఢిల్లీ ప్రభుత్వం 2019లో తన పాఠశాలలలో ఈ పనికి పూనుకొన్నది. కెమెరా ఎవరు లేచి తిరిగారో చూపగలదు. పాఠం అర్థం కాక తల వంచుకున్నవాడు ఎవడో, శ్రద్ధగా వ్రాస్తూ తల వంచుకున్నవాడు ఎవడో అది చెప్పలేదు. బల్ల దగ్గరకు నడిచి నోటుపుస్తకంలోకి తొంగిచూచే ఉపాధ్యాయుడే చెప్పగలడు. పేర్లు నల్లబల్ల మీద వ్రాసే మానిటర్ విషయం కూడా ఇంతే. ఆ అధికారం స్నేహాలకూ కక్షలకూ లోబడుతుంది. వీధి బడిలోని పెద్ద విద్యార్థి వలె తోటివానికి లెక్క నేర్పే పని అప్పగిస్తే, అది ఇద్దరికీ మేలు.

ఆచరణ

ఉపన్యాసాలలో న్యాయం చెప్పడం సులభం. అరవై పత్రాల కట్ట ముందు కూర్చున్నప్పుడు కష్టం. కనుక ఆచరణయోగ్యమైన కొన్ని నియమాలు పేర్కొంటున్నాను.

మొదటిది, దిద్దకముందే కొలబద్ద వ్రాసుకోవాలి. ఉదాహరణకు ఎనిమిదవ తరగతి సామాన్య శాస్త్రంలో ఒక ప్రశ్న: తడి బట్టలు ఎండలో త్వరగా, వానాకాలంలో ఆలస్యంగా ఆరడానికి కారణమేమి? నాలుగు మార్కులు. నీరు ఆవిరిగా మారుతుందన్నందుకు 1, వేడి వల్ల ఆ మార్పు వేగవంతమవుతుందన్నందుకు 1, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువన్నందుకు 1, ఆ తేమ వల్ల ఆవిరి కావడం మందగిస్తుందన్నందుకు 1. ఇంట ఉర్దూ మాట్లాడే పిల్లవాడు ఇట్లా వ్రాశాడనుకుందాం: ‘వానాకాలంలో గాలిలో నీల్లు ముందే ఎక్కువ ఉంటాయి, అందుకు బట్టలో నీల్లు గాలిలో తొందరగా పోవు.’ ‘నీళ్ళు’ అనడానికి బదులు ‘నీల్లు’ అన్నాడు. ఉర్దూలో ‘ళ’కారం లేదు కనుక చెవికి ఆ భేదం ఆలస్యంగా అందుతుంది. కాని శాస్త్రం తప్పలేదు. చివరి రెండు అంశాలకు రెండు మార్కులు పూర్తిగా అతనివే. అక్షరాన్ని దిద్ది చూపాలి, మార్కు కోయరాదు. అదే పదం తెలుగు పరీక్షలో వస్తే అక్కడ లెక్కించడం న్యాయం. ఏ పరీక్షలో ఏది కొలుస్తున్నామో మరువకుంటే చాలు.

రెండవది, పేరున్న పుటను మడిచి దిద్దాలి. ఒకరి పత్రమంతా ఒకేసారి దిద్దక, అందరి మొదటి ప్రశ్న, తరువాత అందరి రెండవ ప్రశ్న దిద్దాలి. మొదట దిద్దిన ఐదారు పత్రాలను చివర మరొకసారి చూడాలి.

మూడవది, ‘రాలేదు’ అన్నది వేరు, ‘రాదు’ అన్నది వేరు. ఒక విద్యార్థికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలలో 16, 15, 17 వచ్చాయి. ఒకదానికి జబ్బు వల్ల హాజరు కాలేదు. అక్కడ సున్న వేస్తే సగటు 12. వ్రాసిన మూడింటి సగటు 16. ఆ సున్న అతని జ్ఞానాన్ని గాక జ్వరాన్ని కొలిచింది. మళ్ళీ పరీక్ష పెట్టడం ఉపాధ్యాయుని విధి.

నాల్గవది, పరిశీలనకు ఒక పుస్తకం ఉండాలి. నలభై మంది ఉన్న తరగతిలో రోజుకు ఏడుగురి పేర్లు ముందే గుర్తు పెట్టుకుని వారి నోటుపుస్తకాలు చూచి, ఒక్కొక్క ప్రశ్న అడిగి, ఒక్కొక్క వాక్యం వ్రాసుకుంటే ఆరు పని దినాలలో తరగతి అంతా పూర్తవుతుంది. ‘మంచి బాలుడు’, ‘సోమరి’ వంటి మాటలు ఆ పుస్తకంలో ఉండరాదు. ‘భాగహారంలో శేషం మరచిపోతున్నాడు’ వంటివి ఉండాలి. మొదటివి తీర్పులు, రెండవది సాక్ష్యం.

ఐదవది, మార్కుతోపాటు మార్గం చూపాలి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్య మాత్రమే పొందిన పిల్లలు మెరుగుపడ్డారు. మార్కు మాత్రమే పొందినవారు, మార్కూ వ్యాఖ్యా కలిపి పొందినవారు అట్లా మెరుగుపడలేదు. అంకె కంటబడగానే పిల్లవాడు పక్కవాని అంకె చూస్తాడు, వ్యాఖ్య చదవడు. కనుక చిన్న పరీక్షలలో ముందు వ్యాఖ్య వ్రాసి పత్రమిచ్చి, సవరించుకున్నాక మార్కు చెప్పడం మేలు.

ఆరవది, విద్యార్థికి అడిగే హక్కు ఉండాలి. ‘ఈ జవాబుకు ఇంతే ఎందుకు?’ అన్న ప్రశ్న ధిక్కారం కాదు. దానికి కొలబద్ద చూపి సమాధానం చెప్పగలిగిన మార్కే న్యాయమైన మార్కు. చెప్పలేకపోతే దాన్ని మార్చవలసిందే.

ఇన్ని నియమాలు పాటించడానికి సమయమెక్కడిదని ఉపాధ్యాయులు అడగవచ్చు. ఆ ప్రశ్నలో సత్యముంది. ఒక్కొక్క తరగతిలో డెబ్బై మందిని కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుని చేత రోజంతా పీరియడ్లు చెప్పించి, ఆపైన మూల్యాంకనంలో న్యాయం జరగలేదని వాపోవడం యాజమాన్యాలకు తగదు. దిద్దడానికి వేళ, విద్యార్థులకు పత్రాలు చూపడానికి ఒక దినం, ఒకే కట్టలోని కొన్ని పత్రాలను ఇద్దరు ఉపాధ్యాయులు వేర్వేరుగా దిద్ది పోల్చుకునే ఏర్పాటు – ఈ మూడూ విద్యాసంస్థల కమిటీలు కల్పించగలిగినవే. వీటికి భవనాలు కట్టినంత ఖర్చు కాదు.

ఈ సంచిక చదివే విద్యార్థులలో పలువురు రేపు శిక్షణ పొంది పాఠశాలలలో ఉపాధ్యాయులు కానున్నారు. మీలో అనేకులు ఒక భాషలో ఆలోచించి, మరొక భాషలో జవాబు వ్రాసి, మార్కు కోసం ఎదురుచూచినవారే. ఆ ఎదురుచూపు ఎట్టిదో మీకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. రేపు ఎర్ర సిరా కలం మీ చేతికి వచ్చినప్పుడు, అంకె వేయకముందు ఆ పత్రం వ్రాసినవాని పనిని ఏడాదిలో ఎన్నిసార్లు దగ్గరగా చూశారో లెక్కించుకోండి. ఆ లెక్క సరిగా ఉంటే మార్కు కూడా సరిగానే ఉంటుంది.